దమనకుడికి దొరికిన విచారణ

నీతిచంద్రిక పేరు వినని తెలుగు చదువరి ఉండడు. పరవస్తు చిన్నయసూరి 1853లో మిత్రలాభం, మిత్రభేదం అచ్చు వేయించిన దగ్గర్నుంచీ కరటక దమనకులు మన బడుల్లో కాపురం ఉన్నారు. సూరి వాక్యం నోటికి రాక బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళలో శర్మగారి పిల్లలూ ఉన్నారు, సాయిబుగారి పిల్లలూ ఉన్నారు. ఒకడి చెవిలో ఇంకొకడి మీద విషం పోసేవాడు కనిపిస్తే "వీడు దమనకుడురా" అనడానికి ఎవరికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు అదే కథ ఫార్సీలో రాసిన ఒక పుటని చూపించండి. చూసేవాళ్ళ చూపు మారిపోతుంది. "ఎంత బాగుందండీ మీ వాళ్ళ రాత!" అంటారు. మర్యాదగానే అంటారు, మెచ్చుకుంటూనే అంటారు. కానీ ఆ "మీ వాళ్ళ" అన్న మాటతో ఒక గీత గీసేస్తారు. కథ మాది, లిపి మీది. సింహం మాది, సిరా మీది. నా తగువు ఆ గీతతోనే.

మా కోనసీమ కొసన ఉన్న అంతర్వేదిని దక్షిణ కాశి అంటారు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. దక్షిణ కాశి సంగతికి తర్వాత వస్తాను. ముందు అసలు కాశికి వెళ్దాం. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భారత్ కళాభవన్ అనే మ్యూజియం ఉంది. అందులో 'అన్వారె సుహైలీ' రాతప్రతి ఒకటుంది. అక్బర్ పాలనలో, 1596 ప్రాంతంలో, లాహోర్‌లో తయారైంది. లాహోర్‌లో రాసిన ఫార్సీ పుస్తకం కాశీలో, హిందూ అన్న పేరున్న విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. అందులో ఎవరున్నారనుకున్నారు? మన సింహమూ ఎద్దూ, మన కరటక దమనకులూ, కాకులూ గుడ్లగూబలూ. కోతి కథలో మన మొసలి అక్కడ తాబేలైంది. అంతే తేడా.

ఆ పుస్తకాన్ని 1500 ప్రాంతంలో హెరాత్‌లో హుసేన్ వాయిజ్ కాషిఫీ రాశాడు. తనని ఆదరించిన సుహైలీ అనే అమీరు పేరు కలిసొచ్చేలా దానికి పేరు పెట్టాడు. సుహైల్ నక్షత్రపు వెలుగులు అని అర్థం. సుహైల్ అంటే ఎడారి మీద పొడిచే పరాయి చుక్క అనుకునేరు. మన పంచాంగం అగస్త్య నక్షత్రం అనేది దాన్నే.

అలాంటి పుటని ఎలా చేసేవారో చూడండి. కాగితానికి గంజి పట్టించి, ఆరాక నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టేవారు. దారాలు బిగించిన అట్ట మీద కాగితం పరిచి వేలితో నొక్కితే సిరా లేకుండానే వరసలు పడేవి. రెల్లు కలాన్ని ఏటవాలుగా చెక్కి, దీపపు మసీ తుమ్మబంకా కలిపిన సిరాలో ముంచి, కుడి నుంచి ఎడమకి నస్తాలీఖ్ రాసేవారు. ఆ అక్షరాలు బిగుసుకుని నిలబడవు. కొంచెం వాలి, పైనించి కిందికి జారుతున్నట్టుంటాయి. చుట్టూ బంగారు గీతల చట్రం. చట్రం బయట, పుట అడుగున, తర్వాతి పుట ఏ మాటతో మొదలవుతుందో ఆ ఒక్క మాటా చిన్నగా రాసేవారు. కుట్టేవాడు వరస తప్పకుండా ఉండడానికి. మన వైపు తాటాకు మీద గంటంతో గీసి మసి పూసేవారు. అక్కడా ఇక్కడా అక్షరానికి నలుపు ఇచ్చింది దీపపు మసే. దీపానికి మతం ఉందని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

అడుగున ఆ మాట ఉండి కూడా ఎన్నో ఫార్సీ పుస్తకాల్ని వర్తకులు పుట పుటా ఊడదీసి విడివిడిగా అమ్ముకున్నారు. విడిపుట గోడకెక్కితే అందం మిగులుతుంది, కథ పోతుంది. ముందు పుటలో ఎద్దు ఏమందో, తర్వాతి పుటలో సింహం ఏం చేసిందో ఎవరికీ పట్టదు. పక్కన చీటీ మీద 'ఇస్లామిక్ కళ' అని రాస్తే సరిపోతుంది. మమ్మల్ని కూడా ఇట్లాగే ఊడదీశారు. ముందూ వెనకా లేని పుటలం మేం. ఎక్కణ్ణించి వచ్చారని అడుగుతారు గానీ, ఇక్కడి కథలో ఎన్నో పుటలో ఉన్నారని అడగరు.

కథ నడిచిన దారి చెప్తాను. ఆరో శతాబ్దంలో ఇరాన్ చక్రవర్తి నౌషీర్వాన్ కొలువులో బుర్జూయా అనే వైద్యుడు ఉండేవాడు. చచ్చినవాళ్ళని బతికించే మూలిక కోసం అతను మన దేశం వచ్చాడనీ, ఆ మూలిక అంటే పుస్తకమేనని ఇక్కడి పెద్దలు చెప్పారనీ ఫిరదౌసి షానామాలో ఉంది. అతను ఈ కథల్ని పహ్లవీ భాషలోకి మార్చి పట్టుకెళ్ళాడు. అందులోంచి సిరియాక్‌లోకీ, 750 ప్రాంతంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతుల మీదుగా అరబ్బీలోకీ వెళ్ళాయి. కరటకుడు కలీలా అయ్యాడు, దమనకుడు దిమ్నా అయ్యాడు. అరబ్బీ నుంచి ఫార్సీకి, హీబ్రూకి, లాటిన్‌కి పాకాయి. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు కవి లా ఫాంటేన్ తన కథల్లో చాలావాటికి భారతదేశపు పిల్పే అనే పండితుడికి రుణపడ్డానని చెప్పుకున్నాడు. కాషిఫీ శైలి బరువుగా ఉందనిపించి అక్బర్ అబుల్ ఫజల్ చేత 1588లో 'ఇయారె దానిష్' అని తేలిక ఫార్సీలో మళ్ళీ రాయించాడు.

మొట్టమొదటి సంస్కృత పంచతంత్రం ఇవాళ ఎక్కడా లేదు. దాని తర్వాతి రూపాలే మిగిలాయి. బుర్జూయా పహ్లవీ ప్రతి కూడా పోయింది. తొలి పుస్తకంలో ఏముండేదో తేల్చుకోవాలంటే పండితులు సంస్కృత ప్రతుల పక్కన సిరియాక్, అరబ్బీ ప్రతుల్ని కూడా పెట్టుకుని చూడాల్సిందే. విష్ణుశర్మ తరఫున సాక్ష్యం చెప్పడానికి అరబ్బీ కావాల్సొచ్చింది. ఇది నేను గొప్పకి చెప్పడం లేదు. కథ ఒకరి ఇంట్లో పుట్టి పదిమంది ఇళ్ళల్లో పెరిగింది. పెంచినవాళ్ళని ఇవాళ గుమ్మం అవతల నిలబెట్టి "మీరెవరు" అంటే ఎట్లా?

ఫార్సీ పరాయిదంటారా? అంతర్వేది పల్లిపాలెంలో పడవకి వేసే లంగరు ఫార్సీ మాట. పడవ నడిపే సరంగు ఫార్సీ మాట. కౌలు, రైతు, రెండూ అరబ్బీలో పుట్టి ఫార్సీ మీదుగా మన పొలాల్లోకి దిగిన మాటలు. జమాబందీ, ఫసలీ, దస్తావేజు, దరఖాస్తు, ఫిర్యాదు, ఆఖరికి ఇవన్నీ రాసుకునే కాగితం కూడా అంతే. దేవుడి మాన్యాన్ని సర్కారు లెక్కల్లో ఇనాం అంటారు. ఇనాం అరబ్బీ మాట. దేవుడు ఆ మాటకి అభ్యంతరం చెప్పలేదు. 1570ల్లో రాజమహేంద్రవరం గోలకొండ చేతికి వచ్చాక ఇక్కడి భూమి లెక్క, పన్ను లెక్క, వ్యాజ్యం అన్నీ ఆ మాటల్లోనే నడిచాయి. గోలకొండ ఫర్మానాలు ఫార్సీ, తెలుగు పక్కపక్కన పెట్టి రాసినవి ఉన్నాయి. అక్కన్న మాదన్నలు ఆ రాజ్యాన్ని నడిపారు. ఫార్సీ నేర్చి దివాణాల్లో కొలువు చేసిన నియోగుల్ని ఎవరూ పరాయివాళ్ళనలేదు. అనకూడదు కూడా. అయితే నాకర్థంకానిది ఒకటుంది. ఫార్సీ చదివిన బ్రాహ్మడు బహుభాషా పండితుడయ్యాడు. ఫార్సీ ఒక్క ముక్క రాని మా దూదేకుల సాయిబు మాత్రం పారశీకుడయ్యాడు. మరి పరాయితనం ఉన్నది భాషలోనా, మా పేర్లలోనా?

ఇక మన వాళ్ళతో ఒక మాట. ఇట్లాంటి పుట కనపడగానే మనలో కొందరికి రొమ్ము పొంగుతుంది. మా తెహజీబ్, మా దర్బారు, మా జమానా అని మొదలుపెడతారు. ఏ దర్బారండీ? దూది ఏకినవాళ్ళూ, రేవుల్లో బస్తాలు మోసినవాళ్ళూ, గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాళ్ళూ ఏ దర్బారులో కూర్చున్నారు? ఆ కాగితాన్ని రాయితో రుద్దినవాడి వేళ్ళు మావై ఉంటాయి. దాన్ని దిండుకానుకుని చదివినవాడి కళ్ళు మావి కావు. ఆ పుటల్ని రాసిన కాతిబుల్లో పేరు మిగిలినవాళ్ళు ఎందరు? రాయించిన రాజు పేరు తప్పకుండా మిగిలింది. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన ముస్లిం వర్గాలకి నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం చేసినప్పుడు సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్బు లాంటి వర్గాల్ని దాన్నించి తప్పించారు. మనలోనూ పైవాళ్ళూ కిందివాళ్ళూ ఉన్నారని చట్టం ఒప్పుకుంది. మన పెద్దలు ఇంకా ఒప్పుకోలేదు. ఉర్దూ సరిగా రాని ముస్లింని చూసి నవ్వేవాళ్ళూ, నూర్‌బాషాలతో వియ్యమంటే మొహం తిప్పుకునేవాళ్ళూ ఫార్సీ పుట పట్టుకుని మనందరి తరఫునా మాట్లాడతామంటే మేం ఒప్పుకోం.

లౌకికవాద మిత్రులతో కూడా చెప్పాల్సింది ఉంది. మీ సభలకి మమ్మల్ని పిలుస్తారు. వేదిక మీద ఇబ్రహీం కుతుబ్‌షాని తల్చుకుంటారు. ఆయన్ని తెలుగు కవులు మల్కిభరాముడన్నారని గుర్తుచేస్తారు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానం ఆయనకి అంకితమిచ్చాడనీ, పొన్నెగంటి తెలగన్న మొదటి అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్రని అమీన్‌ఖాన్‌కి అంకితమిచ్చాడనీ చెప్తారు. అన్నీ నిజాలే. ఆ తర్వాత గంగా-జమునా తెహజీబ్ అంటారు. గంగా యమునల మధ్య నేలకి పాతకాలపు పేరు అంతర్వేది అని మీలో ఎంతమందికి తెలుసో గానీ, మా అంతర్వేదిలో బతికేవాళ్ళ సంగతి మాత్రం ఆ సభల్లో రాదు. మీకు చచ్చిపోయిన ముస్లిం నచ్చుతాడు. అందులోనూ రాజైతే మరీ నచ్చుతాడు. బతికున్న ముస్లిం అద్దె ఇంటి కోసం వచ్చి పేరు చెప్పగానే "నిన్ననే ఇచ్చేశామండీ" అంటారు. గోడ మీద మాత్రం నస్తాలీఖ్ పటం ఉంటుంది.

పైగా ఈ నిజాలన్నిటినీ మీరు మా తరఫున సర్టిఫికెట్లలాగా చూపిస్తారు. చూడండి, వీళ్ళు కూడా ఈ దేశానికి ఎంతో చేశారు, కాబట్టి వీళ్ళని ఉండనివ్వండి అన్నట్టు. చెయ్యకపోతే ఉండకూడదా? ఈ ఊళ్ళో ఉంటున్నందుకు మిగతా ఎవరైనా ముత్తాత రాసిన పుస్తకం చూపిస్తున్నారా? కాశీలో ఉన్న ఆ పుటని మా దేశభక్తికి హామీ పత్రంగా వాడటం మాకిష్టం లేదు. దాన్ని చదవమని మాత్రం అడుగుతున్నాం. ఎందుకంటే అందులో మనందరికీ పనికొచ్చే అధ్యాయం ఒకటుంది. అది మన మిత్రభేదంలో లేదు.

మిత్రభేదం కథ మీకు తెలుసు. పింగళకుడనే సింహం, సంజీవకుడనే ఎద్దు ప్రాణస్నేహితులవుతారు. దమనకుడు సింహం దగ్గరికెళ్ళి ఎద్దు నిన్ను చంపి రాజవుదామని చూస్తోందంటాడు. ఎద్దు దగ్గరికెళ్ళి సింహం నిన్ను తినేద్దామనుకుంటోందంటాడు. ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు. ఆ చూపునే సాక్ష్యం అనుకుంటారు. సింహం ఎద్దుని చంపేస్తుంది. తర్వాత ఏడుస్తుంది. దమనకుడు ఓదారుస్తాడు. రాజు తేరుకుంటాడు, దమనకుడి మంత్రిత్వం దమనకుడికి ఉంటుంది. కథ అక్కడితో సరి. రాజనీతి నేర్పే పుస్తకం కదా, గెలిచినవాడితో ముగిసింది.

ఇబ్నుల్ ముఖఫ్ఫాకి ఇది మింగుడు పడలేదు. ఆయన అరబ్బీ పుస్తకంలో దీని తర్వాత దిమ్నా మీద విచారణ అనే అధ్యాయం వస్తుంది. సంస్కృతంలో లేదు, పాత సిరియాక్‌లో లేదు. ఆయనే చేర్చాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అక్కణ్ణించి అది ఫార్సీలోకి వచ్చింది. అన్వారె సుహైలీలో రెండో అధ్యాయం అదే.

అందులో ఏం జరుగుతుంది? సింహం తల్లికి నిజం తెలుస్తుంది. కలీలా దిమ్నాలు మాట్లాడుకోగా విన్న చిరుతపులి ఆమెకి చెప్పింది. ఆమె కొడుకుని నిలదీస్తుంది. సింహం తల్చుకుంటే దిమ్నాని పంజాతో కొట్టి చంపొచ్చు. చంపదు. సభ పెడుతుంది. ఆరోపణ అందరి ముందూ చెప్తారు. దిమ్నాని మాట్లాడనిస్తారు. అతనేమో తెలివైనవాడు, మాటకి మాట అప్పచెప్తాడు. సాక్ష్యం లేదు కనక ఖైదులో పెట్టి మళ్ళీ మళ్ళీ పిలుస్తారు. చివరికి చిరుతపులి వచ్చి సాక్ష్యం చెప్తుంది. ఖైదులో ఉన్న ఇంకో మృగం కూడా, తాను విన్నది ఇదీ అని కబురు పెడుతుంది. ముందే ఎందుకు చెప్పలేదంటే, ఒక్కరి సాక్ష్యంతో తీర్పు నిలవదు కదా అంటారు. ఇద్దరి సాక్ష్యం కలిశాకే దిమ్నాకి శిక్ష పడుతుంది.

మధ్యలో ఒక సంగతుంది. రాజుగారి భోజనాల దగ్గర పెత్తనం చేసే పంది లేచి, సాక్షులెందుకు, వీడి మొహం చూస్తే తెలీడం లేదా అంటుంది. ఎడమ కన్ను చిన్నదిగా ఉండి అదురుతున్నవాడూ, ముక్కు పక్కకి వాలినవాడూ దుర్మార్గుడని పెద్దలు చెప్పారంటుంది. దిమ్నా దులిపేస్తాడు. మొహం మీద గుర్తులే మనిషి చేత పనులు చేయిస్తాయంటే, మంచివాడికి మెప్పెందుకు, చెడ్డవాడికి శిక్షెందుకు, నేను చేసిన పని గురించి మాట్లాడు అంటాడు. సభ దగ్గర పందికి సమాధానం ఉండదు. చూడండి, అక్కడ నిలబడ్డవాడు నిజంగా నేరస్తుడు. అయినా అతన్ని మొహం చూసి శిక్షించడానికి వీల్లేదని రాశాడు ఆయన. పన్నెండు వందల ఏళ్ళు దాటింది.

ఇప్పుడు దక్షిణ కాశికి వద్దాం. 2020 సెప్టెంబరు మొదటి వారంలో ఒక రాత్రి అంతర్వేది స్వామి రథం షెడ్డులో ఉండగానే కాలిపోయింది. ఆ ఊరి అందరికీ కష్టం కలిగించిన సంగతి అది. ఏడాదికోసారి ఆ రథం లాగే చేతుల్ని చూసినవాళ్ళకి ఆ బాధ ఒకరు చెప్పాల్సిన పని లేదు. నిప్పు ఎట్లా అంటుకుందో, ఎవరైనా అంటించారో, తేల్చాల్సిన పని విచారణది. కానీ తేలే దాకా ఎవరు ఆగారు? బయటి ఊళ్ళ నించి జనం దిగారు. అంతర్వేదిలో చర్చి మీద రాళ్ళు పడ్డాయి. రాళ్ళు వేసినవాళ్ళకి ఏ సాక్షి ఏం చెప్పాడు? ఏమీ లేదు. చర్చికి చర్చి మొహం ఉంది, అది చాలు. ఆ వారంలోనే ప్రభుత్వం సీబీఐ విచారణ కోరింది. 2021 ఫిబ్రవరిలో కొత్త రథం వచ్చింది. రథం మళ్ళీ చేసుకోవచ్చు. రాయి పడ్డ చోట నమ్మకాన్ని ఏ వడ్రంగి చేసిపెడతాడు? ఆ రోజు రాయి మా మీద పడలేదు గదా అని ఊరుకునే తెలివితక్కువతనం మాకు లేదు. చెవిలో ఊదేవాడికి ఇవాళ చర్చి దొరికింది, రేపు మసీదు దొరుకుతుంది.

మసీదు కూడా దొరికింది మరి. 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ, హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చినవాళ్ళు ముస్లింలు. ఆ తర్వాత పోలీసులు పట్టుకెళ్ళినవాళ్ళూ ముస్లిం కుర్రాళ్ళే. కొట్టారు, హింసించారు, జైల్లో పెట్టారు. కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. ప్రభుత్వం తప్పు తెలుసుకుని నష్టపరిహారంతో పాటు వాళ్ళ చేతికి మంచి నడవడిక సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. సర్టిఫికెట్లు! ఆ పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు అంది. చివరికి 2018లో ఆ కేసులో విచారణకి నిలబడ్డ వేరే నిందితుల్ని కూడా సాక్ష్యం లేదని వదిలేశారు. పేలింది నిజం. చచ్చింది నిజం. చేసినవాడు మాత్రం ఎవరూ లేడు. ఎడమ కన్ను అదిరిందని పట్టుకున్నవాళ్ళ యవ్వనం పోవడం ఇంకో నిజం.

ఇది ఒక మతం మంచిదనీ, ఇంకోటి కాదనీ చెప్పే కథ అనుకోకండి. విచారణ అధ్యాయం రాసిన ఇబ్నుల్ ముఖఫ్ఫాకే విచారణ దొరకలేదు. జరథుష్ట్రుల కుటుంబంలో పుట్టి ఇస్లాంలోకి వచ్చిన మనిషి. మతం సరిగా లేదని ఆయన మీద నింద ఉండేది. ముప్ఫయ్యో పడిలోనే, 757 అటూ ఇటూగా, బస్రా పాలకుడు ఆయన్ని చిత్రహింస పెట్టి చంపించాడు. చంపినవాళ్ళు ముస్లింలు, ఖలీఫా అండ ఉన్నవాళ్ళు. కొత్తగా వచ్చినవాడివి, నీ విశ్వాసం రుజువేమిటి అనడం బస్రా వాళ్ళకీ తెలుసు. కాబట్టి మన ఇళ్ళల్లో ఎవడైనా ఇంకొకడి విశ్వాసాన్ని తూచే తక్కెడ పట్టుకుంటే, వాడు చేస్తున్నది కూడా దమనకుడి పనే.

అందుకే ఆ పుటని గోడ మీంచి దించండి. అందం గురించి ఒక పూట మాట్లాడింది చాలు, చదవండి. ఫార్సీ వచ్చినవాళ్ళు ఆ విచారణ అధ్యాయాన్ని మంచి తెలుగులోకి తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టండి. మిత్రభేదం పక్కనే దాన్నీ చదవనివ్వండి. ఎద్దు చచ్చిపోయాక ఏమైందని అడిగే పిల్లవాడికి, దమనకుడు మంత్రిగా సుఖంగా ఉన్నాడని చెప్పి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు.

మాకు గౌరవ స్థానాలు అక్కర్లేదు. మా పూర్వీకుల గొప్ప మీద ఉపన్యాసాలు అక్కర్లేదు. మంచివాళ్ళమని రాసిచ్చే కాగితాలు అసలే వద్దు. తప్పు చేశామని ఎవరైనా అంటే అందరి ముందూ అనండి. మమ్మల్ని మాట్లాడనివ్వండి. ఇద్దరు సాక్షుల్ని తీసుకురండి. మా టోపీనీ గడ్డాన్నీ పేరునీ సాక్షుల్లో చేర్చకండి. అడవిలో ఒక నక్కకి, అదీ నిజంగా తప్పు చేసిన నక్కకి, దొరికినపాటి న్యాయం మాకు చాలు.